ఖిబ్లా వెతకని గిటారు

అసర్ బాంగు వినబడేలోపు ఈ గిటారు నోరు మూయించాలి. యస్లం అదే మాట అన్నాడు, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, "దీని నోరు మూయించు మునీనా, సాయంత్రం పెళ్ళిలో నా తీగ తప్ప ఇంకేం వినపడకూడదు" అని. అని నవ్వాడు కూడా. ఎంత బాగా నవ్వుతాడో. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ నవ్వు అడిగితే నేను కాదన్నది లేదు. ఇప్పుడు అతని గిటారుని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాను, తీగలు ఊడదీశాను, పదకొండు మరలూ విప్పి టీ గ్లాసులో వేశాను, తెల్ల ప్లేటు లేపి బోర్లా తిప్పాను. కుంపట్లో బొగ్గులు ఎర్రబడుతున్నాయి. ఒక పక్క టీ కెటిల్, ఒక పక్క నాన్న సోల్డరింగ్ కడ్డీ. కరెంటు కడ్డీ కూడా ఉంది నా దగ్గర, కానీ మా నువాక్‌షూత్ ఊళ్ళో కరెంటుని నమ్ముకుని సోల్డరింగ్ మొదలుపెట్టిన వాళ్ళకి సగం పనిలో చేతులు కట్టుకుని కూర్చోవడం తప్పదు, అందుకే రాగి మొనని టీ బొగ్గుల్లో కాల్చుకోవడం నాన్న అలవాటు, నాకూ అదే వచ్చింది. ఒంటరిగా టీ కాచుకోవడం మా ఇళ్ళలో లేదు. మూడు గ్లాసుల టీకి ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి, మాట ఉండాలి, ఎవరినో ఒకరిని ఆడిపోసుకోవాలి. ఇవాళ ఎదురుగా ఈ గిటారు ఉంది, ఆడిపోసుకోవడానికి మనుషులకి కొదవలేదు. కాసిని నీళ్ళు పోసి, గుప్పెడు ఆకు వేశాను.

పాత పికప్‌లు మూడూ ఇంకా ప్లేటుకే వేలాడుతున్నాయి. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన చిన్న పెట్టెలు, అంతే. తీగ కదిలితే వింటాయి. కానీ పాపం వాటికి మంచీ చెడూ తెలియదు, తీగనే కాదు, గదిలో ఉన్న కరెంటునంతా వింటాయి, ట్యూబులైటునీ, వీధి స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మరునీ, పక్కింటి నీళ్ళ మోటారునీ, విన్నదంతా ఝుమ్మని స్పీకర్లోకి వదిలేస్తాయి. ఆ రొదతోనే మేం పెరిగాం. మాది పాడుకునే కులం, ఎక్కడ పెళ్ళయితే అక్కడికి వెళ్ళి గుడారంలో కూర్చుంటాం, జనరేటరు గుడారం వెనకే ఉంటుంది, రొద రాక ఏమవుతుంది. అయితే దానికో చిట్కా ఉంది, గిటారు పట్టుకున్నవాడు కూర్చున్నచోటే మెల్లగా తిరుగుతూ పోతే ఒక దిక్కున రొద పడిపోతుంది. పూర్తిగా పోదు, కానీ తలొంచుకుంటుంది. కొత్త ఇంటికి, కొత్త గుడారానికి వెళ్ళగానే యస్లం చేసే మొదటి పని అదే, గిటారుని ఒళ్ళో పెట్టుకుని అటు, ఇటు, మళ్ళీ అటు, రొద పెరుగుతుంది, తగ్గుతుంది, పెరుగుతుంది, చివరికి ఒకచోట ఆగుతాడు. "యస్లం ఖిబ్లా వెతుక్కుంటున్నాడు రా, ఎవరూ మాట్లాడకండి" అని ఎవరో ఒకరు అంటారు, గుడారమంతా నవ్వుతుంది. నమాజుకి మక్కా దిక్కు వెతుక్కున్నట్టు గిటారుకి దిక్కు వెతుకుతున్నాడని వెటకారం. నాన్న మాత్రం తౌబా తౌబా అని చెంపలు వేసుకునేవాడు, వేసుకుంటూనే నవ్వేవాడు. మేమందరం ఆ దిక్కుని ఖిబ్లా అనే అంటాం ఇప్పటికీ, మా బృందంలో అది మామూలు మాటైపోయింది.

కడ్డీ మొన నారింజ రంగుకి తిరిగింది. గుడ్డ మీద తుడిచి మొదటి పికప్ తెల్ల వైరుకి ఆనించాను, పాత సీసం కరిగి కన్నీటి చుక్కలా ఉబ్బి జారింది, వైరు ఊడింది. నల్ల వైరు. ఊడింది. ఇంకోటి. ఎంత సులువుగా ఊడుతున్నాయో చూడు. ఈ అతుకుల్లో కొన్ని నాన్నవి, చూడగానే పోల్చుకోవచ్చు, ఒంటె పెంటికల్లాగా లావుగా, వికారంగా ఉంటాయి. "అందం నీ పెళ్ళప్పుడు చూద్దాంలే, అతుకు మాత్రం ఊడకూడదు" అనేవాడు. మెడ మీద పాత మెట్లు అరగదీసి, మా రాగాలకి కావాల్సిన పావు స్వరాలు పలకడానికి మధ్యమధ్యలో కొత్త మెట్లు కొట్టిందీ నాన్నే. ఈ గిటారు మీద ఆయన చెయ్యి పడని చోటు లేదు. పెళ్ళికొడుక్కి ఒంటెనిచ్చే మామలున్నారు, నాన్న ఈ గిటారుకి మెట్లు కొట్టి ఇచ్చాడు. నాకేమో కడ్డీ పట్టడం నేర్పాడు, ఆడపిల్లకి ఇదేం పనని అత్త అంటే, "రేపు దాని మొగుడి గిటారు ఆగిపోతే మరొకరి గుమ్మం తొక్కాలా?" అన్నాడు. తొక్కలేదు నాన్నా. నేను తొక్కలేదు.

అబ్బ, వేలు. చుర్రుమంది. నోట్లో పెట్టుకున్నాను. సీసం రుచి, మసి రుచి. పొద్దుట్నించీ నోరంతా ఇదే రుచి, కాలక ముందు నుంచీ ఇదే. ఈ పొద్దున చెవుల్లో ఆ పాట పెట్టుకుని ఆర్దీన్ సరిచేసుకుంటూ ఉన్నాను. ఆర్దీన్ మా ఆడవాళ్ళ వాయిద్యం, సొరకాయ బుర్రకి తోలు బిగించి తీగలు కడతాం, మగవాళ్ళు ముట్టుకోరు. పోయిన నెలలో యస్లం కొత్తగా కట్టిన పాట అది. బూతిలిమీత్‌లో ఏదో పెద్దింటి పెళ్ళికని రెండు రోజులు వెళ్ళాడు, అక్కడినుంచే ఫోన్లో పంపాడు, "నీ వంతు నేర్చుకో, వచ్చాక కలిపి వాయిద్దాం" అని. నేర్చుకున్నాను. ఎంత బాగా కట్టాడు, విన్న మొదటిసారి ఏడ్చాను కూడా, నా బుద్ధి తగలెయ్య. అతను తిరిగొచ్చాక ఇద్దరం ఫోన్లో వింటుంటే, పాట మధ్యలో గిటారు రొదలోంచి టక్, టక్ అని రెండుసార్లు వినబడితే, నేనే నవ్వుతూ అన్నాను, "ఇదేంటి, బూతిలిమీత్‌లో కూడా మా మరదలు తక్బర్ ఫ్రీజర్ ఉందా?" అని. యస్లం నవ్వాడు. ఒక్క గుటక ఆలస్యంగా నవ్వాడు. ఆ మర్నాడే లాస్ పాల్మాస్‌లో ఉన్న తన మేనల్లుడికి ఫోన్ చేసి రొద రాని పికప్‌లు తెమ్మన్నాడు. ఇన్నేళ్ళలో ఎంతమంది చెప్పినా వద్దన్న మనిషి, రొద లేకపోతే గిటారు శవంలా ఉంటుందన్న మనిషి. అప్పుడైనా నా బుర్రకి ఎక్కిందా? ఎక్కలేదు. పైగా మురిసిపోయాను, ఇన్నాళ్ళకి నా మాట విన్నాడని.

ఈ పొద్దున కూడా టక్కుల వల్ల కాదు తెలిసింది. అలాంటి ఫ్రీజర్ ఎక్కడైనా ఉండొచ్చు కదా అని సరిపెట్టుకునేదాన్నే. పాట మొదలు దగ్గర తెలిసింది. ఐదోసారో ఆరోసారో మళ్ళీ మొదట్నించి పెట్టాను, అందులో రొద పెరగలేదు, తగ్గలేదు. ఫోన్ నొక్కాడు, కూర్చున్నాడు, వాయించాడు. అంతే. రొద మొదట్నించే తలొంచుకుని ఉంది. అటు తిరగలేదు, ఇటు తిరగలేదు. కొత్త ఊళ్ళో, కొత్త ఇంట్లో, యస్లం ఖిబ్లా వెతుక్కోలేదు. గదిలోకి నడిచి, తన చోట తను కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆర్దీన్ ఒళ్ళోంచి జారి చాప మీద పడింది, నేను పట్టుకోలేదు. ఎన్నిసార్లు కూర్చుంటే ఒక మనిషికి ఒక గదిలో దిక్కు అలా అలవాటవుతుంది? పదిసార్లా? ఇరవయ్యా? లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఆ రెండు టక్కులు నా చేతి పనే. తక్బర్ ఫ్రీజర్ కంప్రెసర్ రిలే పోతే కొత్తది దొరక్క, నా పాత సామాన్ల డబ్బాలోంచి ఒకటి తీసి వేశాను, అది ఒకసారి పట్టుకోదు, టక్ మని వదిలేసి, మళ్ళీ టక్ మని పట్టుకుని అప్పుడు మొదలవుతుంది. ఊళ్ళో అలా మోగే ఫ్రీజర్ ఇంకోటి లేదు. అసలు ఆ ఫ్రీజరే నాది. తక్బర్ మా మేనత్త కూతురు, నాకు మరదలు, తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే తెచ్చుకుని దాని జడలు నేను అల్లాను, పేలు నేను తీశాను, చప్పట్ల దగ్గర్నుంచి గమకం దాకా నేనే నేర్పాను. రెండేళ్ళ కిందట మొగుడు దాన్ని వదిలేస్తే మా ఆచారం ప్రకారం ఎవరూ ఏడవకుండా పండగ చేశాం, డప్పులు వాయించి, దాన్ని కొత్త నీలి మలహఫాలో చుట్టి, కళ్ళకి కాటుక దిద్ది, "చూసుకోండి, వజ్రం మళ్ళీ బజారుకొచ్చింది" అని కేకలు వేస్తూ నేనే ముందు నిలబడి ఆడాను. క్సర్ పేటలో దాని కోసం గది వెతికిందీ నేనే. బిస్సాప్ షర్బతు చల్లబెట్టి అమ్ముకుంటుందని నా ఫ్రీజర్ గాడిద బండి మీద వేయించి పంపిందీ నేనే. ఆ పండగరోజునే యస్లం ఆ గదిలో మొదటిసారి గిటారు వాయించాడు. ఎంతసేపు తిరిగాడో! ఫ్రీజర్ ఒక పక్క, ట్యూబులైటు ఒక పక్క, దిక్కే దొరకలేదు, ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. "అన్నయ్యా, మా ఇంట్లో నీకు ఖిబ్లా లేదులే, తలుపు తీసుకుని వెళ్ళిపో" అంది తక్బర్. అన్నయ్యా అంది. అవును, అప్పుడు అన్నయ్యా అనేది. ఎప్పుడు మానేసింది? రంజానుకి ముందా, తర్వాతా? ఈ మధ్య "గిటారు ఎక్కడ?" అంటోంది, "ఆయన తిన్నారా?" అంటోంది. నేను వినలేదా? విన్నాను. చెవులున్నాయి, ట్రాన్స్‌ఫార్మరు ఏ వీధిలో ఉందో చెప్పగల చెవులు, ఇంట్లో పిలుపు మారితే మాత్రం వినబడలేదు.

పాత పికప్‌లు మూడూ ఊడి వచ్చాయి. అరచేతిలో పెట్టుకుంటే మూడు పళ్ళలా ఉన్నాయి. కొత్తవి పొడుగు ఎక్కువ, పాత గుంటల్లో పట్టవు, అందుకే నిన్న సాయంత్రమే ఉలితో గుంటలు లోతు చేసి ప్లేటు మళ్ళీ బిగించాను. నిన్న సాయంత్రం ఎంత హుషారుగా చెక్కాను, పాడుకుంటూ చెక్కాను, ఆ పాటే. కొత్తవాటి గుట్టు చిన్నదే, పైన ఒక చుట్ట, కింద ఇంకో చుట్ట. పైది తీగనీ వింటుంది, రొదనీ వింటుంది. కిందిది రొదని మాత్రం వింటుంది, అదీ తిరగేసి వింటుంది. రెండూ కలిసేసరికి రొదకి రొద కొట్టుకుపోయి తీగ ఒక్కటే మిగులుతుంది. బయటికి ఏమీ తెలియదు. పైన చూస్తే పాతవాటిలాగే ఒంటి చుట్ట పికప్, అదే మొహం, అదే ఆరు చుక్కలు. కింద ఇంకొకటి దాక్కుని ఉందని విప్పి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఫోన్ మోగింది. చూస్తే తక్బర్. చేతిలో కడ్డీ, ఒళ్ళో వైర్లు, ఎత్తకుండా ఉండొచ్చు, ఎత్తాను.

"వదినా, ఏం చేస్తున్నావు? సాయంత్రానికి పసుపు మలహఫా కట్టనా, నీలిదా?"

"నీకేది కడితే బాగోదు గనుక."

"నువ్వు చెప్పాలి వదినా, నువ్వు చెప్పకుండా నేనెప్పుడు కట్టాను." నవ్వింది. వెనక దాని గది, దాని కుండలు, దాని ఈగలు. "గిటారు పని అయిపోయిందా? కొత్తవి పలుకుతున్నాయా?"

నేనెవరికీ చెప్పలేదు. మేనల్లుడు మొన్న రాత్రి తెచ్చి యస్లం చేతిలో పెట్టాడు, బృందంలో ఎవరూ ఇంకా చూడలేదు. సాయంత్రం గుడారంలో అందరినీ ఆశ్చర్యపరుద్దామని యస్లమే ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దని.

"నీకెవరు చెప్పారే?"

"అదీ... ఎత్మాన్ అన్నట్టున్నాడు వదినా."

"ఎత్మాన్‌కి తెలీదు."

ఫోన్లోంచి, స్పష్టంగా, టక్. టక్. ఫ్రీజర్ మొదలైంది. ఇద్దరం విన్నాం. "పాలు పొంగుతున్నాయి వదినా, పెట్టేస్తున్నా" అంది. పెట్టేసింది. పసుపుదా నీలిదా అన్నది తేలలేదు. పసుపుది కట్టుకోవే, నీకు పసుపే బాగుంటుంది, పదేళ్ళప్పట్నించీ పసుపే. నా మొహానికి ఇప్పుడు కూడా దాని బట్టల ఆలోచనే.

కుంపటి మీద టీ పొంగి బొగ్గుల్లో పడి చుయ్యిమంది. పోనీ. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తున్నాను, పైనుంచి కిందికి, నురగ రావాలి, నురగ లేని టీ ఎవరికి కావాలి. ఎత్మాన్. మా ఆంప్లిఫయర్లు మోసేవాడు, డప్పు వాయించేవాడు, పదిహేనేళ్ళుగా ఈ చాప మీదే తిన్నవాడు. పోయిన వారం వచ్చి రెండు గ్లాసులు తాగి మూడోది తాగకుండా లేచిపోయాడు. మూడో గ్లాసు తాగకుండా లేవడం అంటే మా దగ్గర మొహం మీద కొట్టినట్టే. కడుపు నొప్పన్నాడు. కడుపు నొప్పి కాదు ఎత్మాన్, సాక్షి సంతకం నీకు అరగలేదు. యస్లం పాపానికి భయపడే మనిషి, ఊరికే వెళ్ళి కూర్చోడు. దొంగ పెళ్ళి చేసుకుని ఉంటాడు. మా ఊళ్ళో కొత్తేం కాదు, ఒక ఇమాం, ఇద్దరు సాక్షులు, నాలుగు మాటలు, ఎవరికీ చెప్పొద్దని ఒక ఒట్టు, అయిపోయింది. ధర్మానికి ధర్మం, గుట్టుకి గుట్టు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఇన్నాళ్ళూ వేరే ఇళ్ళలో జరిగితే ఆ మాటలు ఈ టీ దగ్గరే చెప్పుకుని కిసుక్కున నవ్వాను నేను కూడా. ఏం నవ్వానో.

నా పెళ్ళి ఒప్పందం నాన్న చదివాడు. నలుగురిలో, గుడారంలో, గట్టిగా. "ఈమెకి ముందు ఎవరూ లేరు, ఈమె తర్వాత ఎవరూ రారు. వస్తే ఈమె సంగతి ఈమె చేతిలో." మా ఆడపిల్లలందరికీ రాయించే మాటే అది. వచ్చిన రోజున నేను ఒక్క మాట అంటే చాలు, ఇమాం అక్కర్లేదు, అతని ఒప్పుకోలు అక్కర్లేదు, తెగిపోతుంది. యస్లం తలూపాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, తెల్లటి దర్రాఅ అంగీలో, నన్నే చూస్తూ తలూపాడు. అప్పుడు ఆ మాట నాకు పెళ్ళి నగల్లో ఒకటిలాగా అనిపించింది, ఉంటే అందం, వాడే అవసరం రాదు. ఇప్పుడు నాలుక మీద ఉంది. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ చాప, ఈ కుంపటి, ఈ ఇల్లు నావే, ఇల్లు ఎప్పుడూ ఆడదానిదే, దానికి భయం లేదు. కానీ బృందం పోతుంది. నా ఆర్దీన్, అతని గిటారు, అది ఒకటే వాయిద్యం అని జనం అనేవాళ్ళు. మాకు పిల్లలు లేరు, పాటలే ఉన్నాయి, వాటిని ఎలా పంచుకుంటాం? పెళ్ళిళ్ళకి ఎవరిని పిలుస్తారు? దాన్ని పిలుస్తారు. చిన్నది, పసుపు మలహఫా, నేను నేర్పిన గొంతు. నేను నోరు మూసుకుంటే ఏదీ పోదు. గిటారు కూడా నోరు మూసుకుంటుంది. ముగ్గురం ఒకే గుడారంలో కూర్చుని ఆ పాట వాయిస్తాం, ఆ గదిలో పుట్టిన పాటకి నేను ఆర్దీన్ కలుపుతాను. మొగుడి గుట్టు మొయ్యడానికి నా వేళ్ళే కావాల్సి వచ్చాయా? దేవుడా, సిగ్గుండాలి కదా వాళ్ళకి.

మెడ దగ్గరి పికప్. తెల్లది స్విచ్‌కి, నల్లది ఎర్త్‌కి, మేం నేల అంటాం. వెన్న కరిగినట్టు కరిగింది సీసం, పట్టుకుంది. మధ్య పికప్. ఇక్కడ ఆగాను. తెల్లదీ నల్లదీ తారుమారు చేస్తే చాలు. పికప్ ఒంటరిగా పలికితే ఏమీ తెలియదు, యస్లం ఇక్కడ మీటి చూస్తాడు, భేష్ అంటాడు, వెళ్తాడు. సాయంత్రం, అందరూ చూస్తుండగా, పాట ఊపులో స్విచ్ రెండు పికప్‌ల మధ్యకి తోస్తాడు, అప్పుడు ఒకదాన్నొకటి తినేస్తాయి, గిటారు రేకు డబ్బాలో గులకరాళ్ళలా మోగుతుంది. తల కొట్టేసినట్టవుతుంది అందరి ముందూ. నల్లది స్విచ్‌కి పెట్టాను. తెల్లది నేలకి. అతికేశాను. ఎంత హాయిగా ఉందో. టీ ఒక గుక్క తాగాను, చేదు. ప్లేటు వైపు చూశాను. నా అతుకులు నాన్నవాటిలా ఉండవు, చిన్నగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంటాయి, వాటి పక్కన నాన్న నేలవైరు అతుకు ఒంటె పెంటికలాగా కూర్చుని నన్ను చూస్తోంది. ఏం చూస్తావు? నీ అల్లుడే కదా. నువ్వు తెచ్చినవాడే కదా. అది ఇరవై రెండేళ్ళు పట్టుకునే ఉంది, ఊడలేదు. తిట్టుకుంటూ కడ్డీ మళ్ళీ బొగ్గుల్లో పెట్టాను, ఎర్రబడేదాకా ఆగాను, తెల్లది పీకి స్విచ్‌కి, నల్లది పీకి నేలకి. వాళ్ళ కోసం నా పని చెడగొట్టుకోను. ఎవరైనా రేపు విప్పి చూస్తే మునీన తప్పు అతికిందనుకోవాలా?

చివరిది కూడా అతికాక, తీగలు ఎక్కిస్తూ, నా చోటు వైపు చూశాను. తూర్పు గోడ పక్కన, ఆ మూల. నా చాప అక్కడ ఉంటుంది ఎప్పుడూ, ఆర్దీన్ అక్కడ. ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలో యస్లం గిటారు పట్టుకుని గదంతా తిరిగాడు, వీధి స్తంభం పడమర వైపు, చివరికి తూర్పు మూలకి తిరిగితే రొద పడిపోయింది. అతను బయటికెళ్ళగానే నా చాప తీసుకెళ్ళి ఆ మూలలో వేశాను. కావాలనే. ఎప్పుడు వాయించినా నన్నే చూడాలని. ఇరవై రెండేళ్ళు చూశాడు. పొరుగువాళ్ళు అనేవాళ్ళు, పెళ్ళాం మొహం చూడకపోతే యస్లం చెయ్యి ఆడదని, నేను మలహఫా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. నాకు తెలుసు దిక్కు ఎందుకో, చాప ఎందుకు వేశానో, అయినా నమ్మాను. ఏళ్ళ తరబడి నమ్మితే అదే నిజమవుతుందనుకున్నాను. చూస్తూ చూస్తూ నిజంగానే నన్ను చూస్తున్నాడేమో, ఎవరికి తెలుసు? ఇవాళ తెలుస్తుంది. ఈ గిటారుకి ఇక ఖిబ్లా లేదు. ఎటు తిరిగినా ఒకటే. మరలు బిగిస్తున్నాను, ఒకటి, రెండు, మూడు, నిర్ణయం తనంతట తనే అయిపోయింది, నన్నడగలేదు. అవసరం లేకపోయినా అతను నా వైపు తిరిగి కూర్చుంటే, ఒక్కసారి కూర్చుంటే, ఆ మాట మింగేస్తాను. చచ్చేదాకా ఎత్తను. పసుపు మలహఫానీ చూస్తాను, పాటా వాయిస్తాను. అంత చవక నేను. పదకొండో మర.

బయట చెప్పుల చప్పుడు, తర్వాత యస్లం, వెనకే ఎండ, ఇసక. "అయిందా? అల్లా నీ చేతులు చల్లగా చూడాలి" అంటూనే గిటారు అందుకున్నాడు, ఆంప్లిఫయర్ వైరు గుచ్చాడు, దాని గొంతు పూర్తిగా పెంచాడు. మేమిద్దరం అలవాటుగా ఆ ఝుమ్మనేదానికి సిద్ధపడ్డాం. ఏమీ రాలేదు. కుంపట్లో బొగ్గు చిటపట వినబడింది. వీధిలో ఎవరో గాడిదని తిడుతున్నది వినబడింది. యస్లం కళ్ళు పెద్దవి చేశాడు. గిటారు ఎత్తిపట్టుకుని స్తంభం వైపు తిరిగాడు, ఏమీ లేదు. ట్యూబులైటు కిందికి వెళ్ళాడు, ఏమీ లేదు. గదంతా ఒక చుట్టు తిరిగాడు. "మునీనా! చూడవే, ఎటు తిరిగినా ఏం లేదు! మంత్రం వేశావు!" చిన్నపిల్లాడిలా ఉంది మొహం. ఆ మొహాన్ని నేను ప్రేమించాను, ఇప్పుడు కూడా, ఆ క్షణంలో కూడా, ముద్దొచ్చింది. లేచి వెళ్ళి తూర్పు మూలలో నా చాప మీద కూర్చున్నాను. ఆర్దీన్ ఒళ్ళోకి తీసుకున్నాను. రా. కూర్చో.

యస్లం గుమ్మం దగ్గర గాలి వస్తుందని అక్కడ దిండు లాక్కుని కూర్చున్నాడు. వీధి వైపు. గాలికి అతని దర్రాఅ వీపు మీద ఉబ్బింది. మీటాడు. ఆ పాటే. ఎంత శుభ్రంగా ఉందో తీగ, ఒక్కొక్క పావు స్వరం విడివిడిగా, నాన్న కొట్టిన ప్రతి మెట్టూ పలుకుతోంది. నా జన్మలో అంత మంచి సోల్డరింగ్ చెయ్యలేదు. నేను కలపలేదు. రెండు చరణాలు వాయించినా నేనెందుకు కలపడం లేదో అని తిరిగి చూడలేదు.

"తక్బర్ ఫోన్ చేసింది" అన్నాను.

చెయ్యి ఆగింది. తీగ మీద వేలు అలాగే ఉంది, స్వరం మెల్లగా సన్నబడి పోయింది. ఇప్పుడైనా తిరుగు యస్లం. తిట్టడానికైనా తిరుగు, అబద్ధం చెప్పడానికైనా తిరుగు, నా మొహం చూసి చెప్పు. అతని చెవి వెనక నరం కదిలింది.

"ఏమంది?" అన్నాడు, వీధిని చూస్తూ.

"ఏమీ అనలేదు. నేనే ఒకటి అంటున్నాను. నా సంగతి నా చేతిలో ఉంది యస్లం. ఇప్పుడు, ఈ చోటున, నీ నుంచి నన్ను నేను విడిపించుకున్నాను."

ఆంప్లిఫయర్ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, గొంతు పూర్తిగా తెరిచే ఉంది, ఒక్క చప్పుడు లేదు. పాత గిటారయితే రొదలో వినబడలేదని అని ఉండేవాడు.